జబ్బులు లేని ఊరు

మా మేనత్త ఊళ్లో జబ్బులు లేవని మొట్టమొదట రాసిపెట్టింది నేనే. ఆ నోటుపుస్తకం ఇంకా నా దగ్గర ఉంది. అంచులు ఎలుకలు కొరికాయి గానీ లోపలి అబద్ధాన్ని ముట్టుకోలేదు. ఎలుకలకున్నపాటి వివేకం ఆ రోజుల్లో నాకు ఉండి ఉంటే రెండు వారాల ఎండ దెబ్బ తప్పేది.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నేను మద్రాసులో అర్థశాస్త్రం ఎమ్మే ముగించుకొని కమలాపురం దగ్గరి మా ఊరికి వచ్చాను. నాన్న మిషన్ బడిలో ఉపాధ్యాయుడు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాలుగేళ్లపాటు నన్ను చంకనేసుకొని తిరిగింది నాన్నకు అక్క, మా మేనత్త. ఆమె అత్తగారి ఊరు కర్నూలు దగ్గర, ఓర్వకల్లు అవతల రాళ్లగుట్టల కింద.

నేను ఇల్లు చేరేసరికి ఒక ఉత్తరం నా కోసం కాచుకొని ఉంది. కడపలో ఆడపిల్లల బడి పెద్ద టీచరమ్మ రాసింది. ఉద్యోగం ఖాళీగా ఉందని, ఆగస్టు ఆఖరువరకు నా జవాబు కోసం చూస్తానని. బడి మంచిది, ఆవిడ ఇంకా మంచిది. కానీ నా సంగతి నాకు తెలుసు. ఒక మాట రెండోసారి చెప్పాల్సి వస్తే నాకు ఒళ్లు మండుతుంది. పిల్లలకు ఒక మాట ఇరవైసార్లు చెప్పాలి. ఆ పిల్లల మీద జాలితోనైనా నేను ఆ బడికి పోకూడదనుకున్నాను.

అది సగం కారణం. అసలు కారణం వేరే. మద్రాసు లైబ్రరీలో ప్రభుత్వ నివేదికలు ఎన్ని తిరగేసినా మా జిల్లాలు కరువు అనే ఒక్క మాట దగ్గర కనిపించి మళ్లీ మాయమైపోయేవి. కరువు లేని ఏడు మావాళ్లు ఎట్లా బతుకుతారు, ఏ రోగమొచ్చి పడకేస్తారు, పడకేస్తే కూలి పోయి ఇల్లెట్లా గడుస్తుంది, ఇవేవీ ఎవరూ రాయలేదు. నేను రాయాలని నాకు పట్టుదల. డాక్టరేటుకు చేరి, మూడేళ్లు కూర్చొని, పద్ధతిగా రాయాలి. అయితే ఆ మూడేళ్లు నాకు తిండి పెట్టేదెవరు?

నాన్న సూటిగా చెప్పాడు. "స్కాలర్‌షిప్పు దొరికితే పో పాపా, నేను అడ్డం రాను. దొరక్కపోతే బడిలో చేరు. నా జీతాన్ని ఇంకా సాగదీసేదానికి అదేం రబ్బరు కాదు."

అంతకంటే న్యాయమైన మాట ఏ తండ్రీ అనలేడు. నా చేతిలో రెండు నెలలు ఉన్నాయి. గుంతకల్లులో ఒకసారి, డోన్‌లో ఒకసారి బండి మారి, కర్నూలు చేరాను.

రాజధాని అంటే మేడలు ఊహించుకొని పోయినవాళ్లకు కర్నూలులో డేరాలు కనిపించేవి. వరసలు వరసలుగా గుడ్డ కచేరీలు. గాలి లేస్తే గుమాస్తాలు కాగితాల మీద రాళ్లు పెట్టుకొని, చేత్తో కళ్లద్దాలు పట్టుకొని కూర్చునేవాళ్లు. మొదటి డేరాలో అడిగాను, "పరిశోధనకు డబ్బిచ్చే ఆఫీసు ఎక్కడండీ?" అని.

గుమాస్తా తలెత్తకుండా, "ఏ కేసమ్మా?" అన్నాడు.

"కేసు కాదండీ, పరిశోధన."

"అదే. నేర పరిశోధన అయితే రెండో వరసలో చివరకు పోండి."

పోయాను. అక్కడ మీసాలాయన నన్ను మర్యాదగా కూర్చోబెట్టి, ఏం పోయిందని అడిగాడు. నా సగం రోజు పోయిందని చెబుదామనుకొని నోరు మూసుకున్నాను. ఆయన నన్ను వ్యవసాయం వాళ్ల దగ్గరికి పంపాడు. వాళ్లు జొన్న మీద పరిశోధన చేస్తున్నారట. నా మాట ఓపిగ్గా విని, కొత్తరకం జొన్న విత్తనాలు గుప్పెడు పొట్లం కట్టి ఇచ్చి సాగనంపారు.

మధ్యాహ్నానికి నీళ్ల కుండ దగ్గర కూలబడ్డాను. అక్కడ గడ్డం నెరిసిన దఫేదారు ఒకాయన, బంట్రోతులందరికీ పెద్ద, నన్ను పొద్దుననుంచీ చూస్తున్నట్టున్నాడు. లోటా నీళ్లిచ్చి, "ఏం కావాల్నమ్మా నీకి? ఈ డేరాలోంచి ఆ డేరాలోకి తిరగతానే ఉండావు" అన్నాడు.

నేను విసుగ్గా, "చదువుకునేవాళ్లకు సర్కారు నెలనెలా డబ్బిస్తుందంటారే, అది" అన్నాను.

ఆయన ముఖం వెలిగింది. "అరె, వజీఫా! అట్ల చెప్పల్ల గదమ్మా. వజీఫా అంటే ఈడ నాకు తెల్సు. నువ్వు పరిశోధనంటే పోలీసోళ్లకు తెల్సు."

వజీఫా అంటే విద్యార్థికిచ్చే వేతనమని నాకు ఆ నిమిషంలోనే తెలిసింది. పదహారేళ్ల చదువులో ఎవరూ చెప్పలేదు. ఆయన నన్ను ఆఖరి వరసలో ఒక డేరా ముందుకు తీసుకుపోయి, గుంజకు కొట్టిన పలక మీద కాగితం చూపించాడు. జనారోగ్యానికీ జీవనోపాధికీ ఉన్న సంబంధం మీద విశ్వవిద్యాలయంలో డాక్టరేటు చేసే ఒకరికి మూడేళ్లు వేతనం. అభ్యర్థి ఏదైనా ఒక ఊరు ఎంచుకొని, అక్కడి జబ్బుల వివరాలు ఇంటింటా సేకరించి, ఆగస్టు నడిమికల్లా దరఖాస్తుతోపాటు ఇవ్వాలి. తరవాత పెద్దల ముందు ముఖాముఖి. ఎన్నిసార్లు చదివినా 'ఒకరికి' అన్న మాట ఒకటిగానే ఉంది, రెండు కాలేదు.

సరైన మాట తెలియక పొద్దంతా తిరిగానని ఆ సాయంత్రం నాకు నవ్వొచ్చింది. నవ్వుకున్నానే గానీ బుద్ధి తెచ్చుకోలేదు. తెచ్చుకొని ఉంటే ఈ కథ ఇంత పొడుగు ఉండేది కాదు.

నేరుగా ఓర్వకల్లు బస్సెక్కి అత్త ఊరికి పోయాను. అత్త నన్ను చూసి ముందు ముద్దు పెట్టుకుంది, తరవాత తిట్టింది. "ఎముకలు లెక్కబెట్టచ్చు గదే నీయి! ఇంత చదివి ఇంగా చదువేనా? చదవేస్తే ఉన్న మతి పోయిందంట." తిడుతూనే నా కోసం తన మంచం వాకిట్లో వాల్చింది. తనకు ఎకరంన్నర చేను, రెండు మేకలు, చర్చిలో ముందు వరసలో చోటు. ఊళ్లో ఆమె గొంతుకు ఎదురు లేదు.

నా ప్రశ్నల కాగితం నేనే తయారు చేసుకున్నాను. మద్రాసు పుస్తకాల్లో ఎట్లా ఉందో అట్లానే. "గత సంవత్సరంలో మీ ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసిందా? చేస్తే, ఏ జబ్బు?" ఆ ఊళ్లో తాగేది మెట్లు దిగి ముంచుకునే దిగుడుబావి నీళ్లు. కాళ్లు పెట్టిన నీళ్లే కడవల్లోకి పోతాయి. అట్లాంటి చోట కాలిలోంచి దారంలా పురుగు బయటికొచ్చే రోగం ఉంటుందని నేను చదివాను. మా ఊరిది చేదబావి కాబట్టి కళ్లతో ఎన్నడూ చూడలేదు. ఇక్కడ తప్పక కనిపిస్తుందనీ, నా పరిశోధనకు అదే ముడిసరుకనీ నాకు ధీమా.

అత్త నాకంటే నాలుగడుగులు ముందు నడిచేది. ప్రతి గడప ముందూ ఒకటే చాటింపు. "మా పాప డాక్టరుకు చదువుతాండాది. దాయకుండా అంతా చెప్పండప్పా."

"అత్తా, నేను ఆ డాక్టరు కాదు" అని మొదటి రోజు పదిసార్లు చెప్పాను. "ఏ డాక్టరైతేనేం లేవే" అని ఆమె ముందుకు సాగిపోయింది.

దానితో ఊరంతా తమ చెవులు, పళ్లు, మోకాళ్లు తెచ్చి నా ముందు పెట్టింది. చెవిలో చీము కారే పిల్లలు వచ్చారు. రాత్రిళ్లు నిద్ర పట్టని ముసలమ్మ వచ్చింది. ఒకాయన బర్రెను తోలుకొచ్చి, అది నెల్లాళ్లుగా సరిగా నెమరేయడం లేదన్నాడు. నేను బర్రె తప్ప అన్నీ రాసుకున్నాను. పురుగు మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. రెండు వారాలు తిరిగి ఊరు ముగించేసరికి, ఆ రోగం గడిలో ప్రతి ఇంటికీ సున్నా. పెద్ద జబ్బుల గడులన్నీ దాదాపు ఖాళీ. ఇంత ఆరోగ్యమైన ఊరు స్విట్జర్లాండులో కూడా ఉండదేమో.

నాకు ఏడుపొచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ఊళ్లో రోగం లేదని ఏడ్చాను. జబ్బు లేకపోతే దరఖాస్తు లేదు, దరఖాస్తు లేకపోతే వజీఫా లేదు. బలపం పట్టుకొని కడపకు పోవడమే.

ఆ మరుసటి రోజు వదిలేసిన ఒక్క ఇల్లు ముగిద్దామని పోయాను. ఇంటాయన అరుగు మీద కాలు ముందుకు పెట్టుకొని కూర్చొని ఉన్నాడు. నా ప్రశ్న విని, "జబ్బులేం లేవమ్మా, దేవుని దయ. అందరం బాగుండాం" అన్నాడు. అంటూనే చీపురుపుల్లకు ఏదో తెల్లటి దారం చుట్టుకుంటున్నాడు. ఆ దారం ఆయన చీలమండ పక్కన పుండులోంచి వస్తోంది.

పెన్సిలుతో చూపించి, "అదేమిటి?" అన్నాను.

"ఇదా? నారి" అన్నాడు, ఇది మా మేక అన్నంత మామూలుగా. "దినానికింత చుట్టల్ల. లాగితే తెగుతాది. తెగితే కాలు వాచి మంచానికే."

"మరి జబ్బులు లేవన్నారే!"

ఆయన నన్ను చూసి నిజంగా జాలిపడ్డాడు. "ఇది జబ్బు యాడమ్మా? ఏటా వచ్చేదే గదా. వానన్నా ఒక ఏడు తప్పుతాది గాని ఇది తప్పదు. ఏటా వచ్చేదాన్ని జబ్బంటే ఎండాకాలాన్ని గూడా జబ్బనల్ల."

ఇంటికొచ్చి అత్త మీద విరుచుకుపడ్డాను. "రెండు వారాలు నా ముందు నడిచావు. ఊళ్లో నారికురుపు ఉందని ఒక్క మాట చెప్పలేదే!" ఆ పేరులోనే నాకొక మంట. నారి అంటే దారమని తరవాత తెలిసింది గానీ, ఆ రోజు నా చెవికి ఆడదే. నెలల తరబడి లోపల దాక్కొని, బయటికొచ్చి మనిషిని కూలదోసేదానికి ఆ పేరు ఏ మగవాడు పెట్టాడో గానీ దొరికితే వదలను.

అత్త రాగిపిండి జల్లిస్తూ తలెత్తింది. "నువ్వు జబ్బులు అడుగుతాంటివి, జబ్బులు చెప్పినారు. నారి సంగతి అడిగితివా?"

"సరే, రేపటినుంచి నారి సంగతే అడుగుతాను."

"అడుగు. 'ఆ, వచ్చింటాది, పోయింటాది' అంటారు. ఎన్నాళ్లుండిందో, ఏం పోయిందో ఎవురికి జ్ఞాపకముంటాది?" అని కాసేపు జల్లెడ కొట్టింది. తరవాత తనలో తాను అనుకుంటున్నట్టు, "ఏరువాక నాడు మేడి పట్టనోళ్లెవరని అడుగు" అంది.

నాకు అర్థం కాలేదు. అత్తే విడమరిచింది. నారి దిగేది ఎండాకాలం చివర, తొలివానల ముందు. సరిగ్గా అప్పుడే ఏరువాక, ఏడాదికి మొదటి దుక్కి. ఆ రోజు ఎద్దుల కొమ్ములకు రంగులు పూసి, నాగలి మేడి పట్టి, ఒక్క సాలన్నా దున్నని మగవాడు ఊళ్లో ఉండడు. ఆడవాళ్లయితే ఆ తరవాత గొర్రు వెంట నడిచి విత్తనం పోయాలి. ఆ పనికి రానివాళ్లు ఉన్నారంటే కాలు నేల మీద ఆనలేదనే అర్థం. "జబ్బు మర్చిపోతారు పాపా. ఏరువాక నాడు ఇంట్లో కూసుండేది ఎవురు మర్చిపోతారు?" అంది.

ఎమ్మే చదివినదాన్ని నేను. ఆమె వేలిముద్ర వేసే మనిషి. ఆ జల్లెడ పక్కన కూర్చొని ఆమె చేతులకు ముద్దు పెట్టుకోవాలనిపించింది. పెట్టుకున్నాను. పిండి అంటిందని ఆమె కసిరింది.

మళ్లీ మొదటి గడపనుంచి మొదలుపెట్టాను. ఈసారి అత్త డాక్టరు చాటింపు మానేసి, "ఏమప్పా, ఈ ఏరువాకకు మీ ఇంట్లో మేడి పట్టనోళ్లెవరు?" అని మొదలుపెట్టేది. జవాబుల వరద. నేను, మా తమ్ముడు, నా కొడుకు, కోడలు విత్తనాలకు రాలేదు. ఎందుకు రాలేదు? నారి. ఎన్ని దినాలు? ఫలానా పండగనుంచి ఫలానా సంతవరకు. చేను ఎవరు దున్నారు? కౌలుకిచ్చాం, బీడు పెట్టాం, ఎద్దును అమ్మాం. నేను అడగకుండానే జీవనోపాధి అంతా తనంతట తానే నడిచొచ్చింది. కాగితంలో గడులు చాలక వెనకవైపు కూడా రాశాను.

దరఖాస్తు కుట్టేటప్పుడు మొదటి నోటుపుస్తకం చింపేద్దామనుకున్నాను. సున్నాలు నింపిన తెలివితక్కువదాన్ని నేనేనని ఆ పెద్దలకు చెప్పుకోవడమెందుకు? 'ఒకరికి' మాత్రమే ఇచ్చే వేతనం ఇట్లాంటిదానికి ఇస్తారా? అత్త చూసి నా చెయ్యి పట్టుకుంది.

"చింపద్దు. ఊరోళ్లు అబద్ధం చెప్పల్యా. నువ్వు అడిగింది తప్పు. అది నీ తప్పని అందులో ఉండల్ల." ఆమెతో వాదించి గెలిచినవాళ్లను నేను చూడలేదు. రెండు పుస్తకాలూ ఇచ్చాను.

ముఖాముఖి డేరాలోనే జరిగింది. ముగ్గురు కూర్చున్నారు. విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఆచార్యులొకరు, ఆరోగ్యశాఖ డాక్టరుగారొకరు, కాగితాల మీద రాళ్లు పెట్టే ఆఫీసరొకరు. డాక్టరుగారు నా దరఖాస్తు చూసి కనుబొమలు ముడిచారు. "అమ్మా, ఆ చుట్టుపక్కల నారికురుపు లేదని మా రిజిస్టరు చెబుతోంది. మా మనుషులు ఊరూరా తిరిగి రాసినదే."

బలపం, నల్లబల్ల, కడప కళ్ల ముందు తిరిగాయి. ఇంకేం చేయాలో తోచక మొదటి పుస్తకం ఆయన ముందుకు తోశాను. "నా పుస్తకం కూడా అదే చెబుతోందండీ. అది కూడా ఇంటింటా తిరిగి రాసినదే. మీ మనుషులు ఏమని అడిగారండీ?"

ఆయన, "ఏమడుగుతారు? జబ్బులేమైనా ఉన్నాయా అని" అంటూ ఆగిపోయారు.

ఆచార్యులు రెండో పుస్తకం తెరిచి చాలాసేపు పేజీలు తిప్పారు. తరవాత, "ఏరువాక ప్రశ్న ఎవరికి తోచింది?" అన్నారు. మా మేనత్తకని చెప్పాను. ఆయన పెద్దగా నవ్వి, ఆవిడ దరఖాస్తు పెట్టలేదేమని అడిగారు. డాక్టరుగారు నవ్వలేదు. ఆయన తన రిజిస్టరు పక్కన నా సున్నాల పుస్తకం పెట్టుకొని చూస్తూ ఉండిపోయారు. నాకు ఆయనంటే అప్పుడు గౌరవం కలిగింది.

నా పుస్తకాలు తిరిగి తీసుకొని లేవబోతూ ధైర్యం చేసి, ఆ బావికి మెట్లు మూసి గిలక పెట్టిస్తే నారి ఆగిపోతుంది గదా అని అడిగాను. ఆఫీసరు మంచిగానే జవాబిచ్చారు. "ఇది పరిశోధన వేతనం తల్లీ. బావులు వేరే శాఖ."

ఆగస్టు ఆఖరుకు మూడు రోజులుందనగా, అత్త ఇంట్లో ఉన్నప్పుడే ఉత్తరం వచ్చింది. ఆ ఒకరూ నేనే. నన్ను తీసుకుపోదామని వచ్చిన నాన్న కూడా అక్కడే ఉన్నాడు. ఆయన కళ్లు తుడుచుకొని అక్కడికక్కడే మోకరించి ప్రార్థన చేశాడు. నేను ఉత్తరం అత్తకు మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించాను. ఆమె అంతా విని, "ఆమెన్" అంది. తరవాత నన్ను అడిగింది.

"నారి గురించి రాసేదానికి నీకి మూడేండ్లు దుడ్లిస్తారు, అంతే గదా?"

"అవునత్తా."

"మరి బావికి?"

నాన్న, "ఏం మాటక్కా అది, సంతోషంగా ఉన్నప్పుడు" అన్నాడు. నేను ఆఫీసరు చెప్పిన మాట చెప్పాను, బావులు వేరే శాఖ అని. నాకు చాలా కోపం వచ్చింది. నా జీవితంలో పెద్ద పండగ రోజు అది. ఆ రోజే ఆ ప్రశ్న వేయాలా? నేను ముఖం తిప్పుకొని కూర్చున్నాను.

అత్త నా గడ్డం పట్టుకొని తన వైపు తిప్పుకుంది. "పో పాపా, బాగా చదువుకో. ఆ శాఖోళ్లు యాడుంటారో అది గూడా కనుక్కో. నువ్వు అడగల్లగాని, అడిగేదెట్లనో ఇప్పుడు నీకి తెలుసు గదా."

వెళ్లాను. మూడేళ్లు చదివాను, రాశాను. ఆ శాఖ ఎక్కడుందో కూడా కనుక్కున్నాను. సెలవులకు వచ్చిన ప్రతిసారీ ఊరివాళ్ల వేలిముద్రలతో అర్జీ పట్టుకొని పోయేదాన్ని. రాజధాని హైదరాబాదుకు మారితే అక్కడికీ పోయాను. అర్జీ అందిందన్న జవాబు ప్రతిసారీ అందేది. నాకు డాక్టరేటు వచ్చింది. అది వచ్చిన ఏడాదిన్నరకు ఆ బావి మెట్లకు అడ్డంగా గోడ లేచింది, పైన గిలక పెట్టారు.

గిలక పెట్టిన రోజు ఊళ్లోనే ఉన్నాను. మొదటి కడవ అత్త తోడింది. జనం నన్ను డాక్టరమ్మా అని పిలిచి, కూర్చోమని మంచం వాల్చారు. నేను ఆ మంచం మీద కూర్చోలేకపోయాను. నా పట్టా ముందొచ్చింది, వాళ్ల గోడ తరవాత వచ్చింది. నేను చదివిన మూడేళ్లలో ప్రతి ఏరువాకకూ ఎవరెవరు మేడి పట్టలేదో, వాళ్ల పేర్లు, రోజులు, పోయిన ఎద్దులు, నా సిద్ధాంత గ్రంథంలో తప్పు లేకుండా ఉన్నాయి. నేను పట్టా పొందింది వాటితోనే.

ఇంటికొచ్చాక ఈ మాట ఒక్క అత్తకే చెప్పాను. ఆమె వేడి సంగటి ముద్ద నా కంచంలో పెట్టి, నడుమ గుంట చేసి, నెయ్యి వేసింది.

"నాకి తెలుసులేమే" అంది. "ఆ ఉత్తరం చదివి వినిపించిన నాడే తెలుసు. తిను."